కర్త లేని వాక్యం

ఆమె కుడిచేతిని ఇద్దరు మనుషులు వెనక్కి మెలితిప్పి మోచేతి దగ్గర విరిచారు. మూడో మనిషి ఆమె మెడలోని తాళంచెవిని తాడుతో సహా తెంపుకుని యంత్రాన్ని నడిపాడు. యంత్రం వెనక పని చేస్తున్న ముసలి మెకానిక్కును ఆ విధంగా చంపాడు. ఆపైన ఆమెను ఉద్యోగంలోంచి తీసేయించాడు.

ఇవి చిన్న వాక్యాలు. వీటిలో ప్రతి క్రియకూ ఒక కర్త ఉన్నాడు. ఆ కర్తలు గాలిలో కలిసిపోలేదు. విజ్ఞాన ప్రదర్శనశాలలో జీతం తీసుకుంటూ, బడిపిల్లలకు దారి చూపిస్తూ, ఇవాళ కూడా తిరుగుతున్నారు.

అక్కడ పనిచేసేవాళ్ళకు ఆమె పిడుగక్క. ఆ పేరు రావడానికి ఆమె చేసే పని ఒక కారణం, ఆమె నోరు రెండో కారణం. మొదట టిక్కెట్లు చింపే పనిలో చేరింది. వరసలో ముందుకు దూరే పెద్దమనుషుల్ని "వెనక్కి నడవండి సార్, సైన్సు వెనక కూడా ఉంటుంది" అని సాగనంపేది. ఆ గొంతు ఎక్కడ పనికొస్తుందో గుర్తుపట్టినవాడు మెరుపుల గదిలో యంత్రాన్ని చూసుకునే మెకానిక్కు. చొక్కా జేబులో స్పానరు లేకుండా ఆయన్ను ఎవరూ చూసి ఎరగరు గనక అందరూ స్పానరు బాబాయ్ అనేవారు. "మైకు లేకుండా ఉరుము మీద మాట్లాడగల మనిషి నాకు కావాలి, ఆ టిక్కెట్ల పిల్లని ఇచ్చెయ్యండి" అని పైవాళ్ళను అడిగి మరీ తెచ్చుకున్నాడు. అలా ఆమె మెరుపులు చూపించే మనిషి అయింది. పెళ్ళయ్యాక కూడా ఆ పని మానలేదు. భర్త బస్సు డ్రైవరు. అత్తగారు ఇరుగుపొరుగుకు చెప్పుకునే తీరు వేరు.

"నా కొడుకు బస్సు తోలతాడు, నా కోడలు పిడుగులు వేస్తుంది. ఇద్దరూ ఊరినంతా ఉద్ధరించి ఉత్త చేతులతో ఇంటికొస్తారు. కూరగాయలు మాత్రం నేనే తెచ్చుకోవాలి."

మెరుపుల గది ప్రదర్శనశాల చిట్టచివర, ఎముకల గూళ్ళ హాలు దాటాక ఎడమవైపున ఉంటుంది. గుండ్రటి గది, మెట్లుమెట్లుగా బల్లలు, బల్లల ముందు నిలువెత్తును మించిన ఇనుప వల. వలకూ కప్పుకూ మధ్య తీగలు పోవడానికి కొంత సందు వదిలారు. వల వెనక ఒక లావుపాటి స్తంభం, దాని నెత్తిన రాగి గుండు, గుండుకు ఎదురుగా ఒక కడ్డీ. స్తంభం కరెంటును గుటకలు గుటకలుగా మింగి దాచుకుంటుంది. ఇక పట్టలేనప్పుడు దాచుకున్నదంతా ఒక్క దెబ్బలో గుండు నుంచి కడ్డీ మీదికి దూకుతుంది. ఆ దెబ్బకు పిల్లలు తల్లుల ఒళ్ళో దూరతారు. తండ్రులు తాము ఉలిక్కిపడలేదన్నట్టు గొంతు సవరించుకుంటారు.

స్తంభం వెనక ఒక మనిషి నిలబడేంత చోటు ఉంది. తుడవాలన్నా, బోల్టు బిగించాలన్నా అక్కడికే వెళ్ళాలి. బల్లల మీద కూచున్నవాళ్ళకు ఆ చోటు కనబడదు. యంత్రం నడిపే మీట దగ్గర నిలబడినవాళ్ళకూ కనబడదు. ఈ సంగతి చదివేవాళ్ళు మరిచిపోకూడదు, ఎందుకంటే అక్కడ ఉద్యోగం చేసే ఏ ఒక్కరూ మరిచిపోయే వీలు లేదు.

ఎప్పుడో ఒకనాడు భోజనానికి పిలిస్తే వల లోపలినుంచి స్పానరు బాబాయ్ "మేఘంలో ఉన్నానర్రా, కురిశాక వస్తా" అన్నాడట. అప్పటినుంచి వల లోపలి చోటు పేరు మేఘం. పని నియమం కూడా ఆ పేరు మీదే నిలబడింది. లోపలికి వెళ్ళేవాడు "మేఘంలోకి" అని చెప్పి వెళ్ళాలి. బయటికి వచ్చాక తన నోటితో తనే "మేఘం ఖాళీ" అనాలి. అప్పటిదాకా యంత్రం తాళంచెవి పిడుగక్క మెడలోంచి కదలదు. వెళ్ళినవాడి తరఫున ఆ మాట ఇంకెవరూ అనకూడదు. వచ్చేసి ఉంటాడనీ, వస్తూండగా చూశాననీ అనకూడదు. ఆ మాటకు వకాల్తా లేదు. స్పానరు బాబాయ్ చెవులు ఏళ్ళ తరబడి ఉరుములు తిని మొద్దుబారాయి గనక బయటినుంచి కేకేసి అడిగే వీలు కూడా లేదు. ఆయన రావాలి, వచ్చి చెప్పాలి.

"ఎన్నిసార్లు పిలిచాను బాబాయ్, పలకవేం?"

"పలికానే. నీకే వినపడలా."

"చెవుడు నీకా నాకా?"

"ముందు నాకొచ్చింది. సీనియారిటీ ప్రకారం తరువాత నీకే."

వాళ్ళిద్దరికీ రక్తసంబంధం లేదు. ఆమె డబ్బాలో ఏం తెచ్చిందో మూత తీయకముందే వాసన పట్టి చెప్పేవాడు. ఆయన కళ్ళజోడు పోగొట్టుకుంటే ఆమె ఆయన నెత్తి మీదినుంచే తీసి ఇచ్చేది. అంతకు మించిన బంధుత్వాన్ని వాళ్ళు కోరుకోలేదు.

ఆమె దగ్గర ఈ నియమం నేర్చుకున్నవాళ్ళలో ఒక యువకుడు ఉండేవాడు. చురుకైనవాడు, మాటకారి. తరువాత ఒక్కో మెట్టూ ఎక్కుతూ క్యూరేటరు అయ్యాడు. అతడు ఇంకా శిక్షణలో ఉన్న రోజుల్లో ఒకసారి గది నిండా బడిపిల్లలు కూచుని ఉన్నారు. స్పానరు బాబాయ్ లోపల బోల్టులు బిగిస్తున్నాడు. "ఆగండర్రా, మేఘం ఇంకా ఖాళీ కాలేదు" అంది పిడుగక్క. వెనక బల్ల మీదినుంచి ఎవరో పిల్ల "అయితే ఖాళీ చెయ్యి" అంది. గదంతా నవ్వు. సరిగ్గా అప్పుడే స్పానరు బాబాయ్ నూనె మరకల మొహంతో బయటికొచ్చి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక, "మేఘం ఖాళీ" అన్నాడు. చప్పట్లు ఆగలేదు.

"అక్కా, భలేగా ఉంది. రోజూ ఇలాగే చేద్దాం" అన్నాడు ఆ యువకుడు.

స్పానరు బాబాయ్‌కి నచ్చలేదు. "పని మాటని ఆటలోకి దించకే. అరిగిపోతుంది."

"పిల్లలు నవ్వుతున్నారుగా బాబాయ్."

"నవ్వనీ. నవ్వుకి ఇంకో మాట చూసుకో."

కానీ ఆయనకూ చప్పట్లంటే మోజు లేకపోలేదు. నాలుగు రోజులు గొణిగి, అయిదోనాడు తువ్వాలు భుజాన విసురుకుంటూ రాజుగారిలా నడిచి వచ్చాడు. ఆ తరువాత అదే ప్రదర్శనకు తొలి అంకం అయింది. ఆమె "మేఘం ఖాళీ కాలేదు" అంటుంది. జనం "ఖాళీ చెయ్యి, ఖాళీ చెయ్యి" అని బల్లలు చరుస్తారు. ఆయన వచ్చి చెప్పవలసిన మాట చెబుతాడు. అప్పుడు తాళంచెవి మెడలోంచి బయటికొస్తుంది. ఆట పేరు చెప్పి ఏనాడూ నియమాన్ని దాటలేదు. నియమానికి ఆట బట్టలు తొడిగారు, అంతే. లోపల ఉన్నది నియమమేనని అక్కడ పనిచేసే ప్రతివారికీ తెలుసు. ఆ బట్టలు కుట్టించిన మనిషికి అందరికన్నా బాగా తెలుసు.

ప్రదర్శనశాల ఉద్యోగుల కోసం నెలకొక పత్రిక వేస్తుంది. పేరు 'మనవాళ్ళ కబుర్లు'. ఎవరికి పెళ్ళయింది, ఎవరు రిటైరయ్యారు, క్యారమ్స్ పోటీలో ఎవరు గెలిచారు, ఏ పేటవాళ్ళతో కలిసి ఏ కార్యక్రమం జరిగింది అన్నీ అందులో ఉంటాయి. క్యాంటీను గోడకు అంటిస్తారు. దాన్ని రేడియో వార్తల గొంతుతో పైకి చదవడం పిడుగక్క హక్కు. ఒకసారి స్పానరు బాబాయ్‌కి మనవరాలు పుడితే పత్రికవాళ్ళు పొరపాటున కూతురు పుట్టిందని వేశారు. పిడుగక్క ఆ వార్తను ముమ్మారు చదివింది. క్యాంటీను క్యాంటీనంతా లేచి వెళ్ళి ఆయన చెయ్యి ఊపి అభినందించి వచ్చింది. "మా ఆవిడకి చూపించకండర్రా, బతకనివ్వండి" అంటూ ఆయన టీ గ్లాసు వెనక దాక్కున్నాడు. క్యూరేటరు అయ్యాక ఆ పత్రికను తయారుచేసే బాధ్యత కూడా ఆ మాటకారి చేతికే వచ్చింది. అక్కడ ఏ వార్త ఎలా పడాలో నిర్ణయించేది ఇప్పుడు అతడే.

కుటుంబ విజ్ఞాన దినం అని ఏడాదికి ఒకసారి జరుపుతారు. చుట్టుపక్కల పేటలవాళ్ళనూ ఉద్యోగుల ఇంటివాళ్ళనూ పిలుస్తారు. ఆ రోజు పిడుగక్క అత్తగారు ముందు బల్ల మీద, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూచుంది. కొడుకు బస్సు మీద ఉన్నాడు, రాలేకపోయాడు. గది కిటకిటలాడుతోంది. వాకిట్లో పిల్లలకు వెండిరేకుతో చేసిన గాలిబుడగలు పంచారు. వాటిలో ఒకటి ఎవరి చేతిలోంచో జారి, పైకి తేలి, వల పైనున్న సందులోంచి లోపలికి పోయి, స్తంభం వెనక తీగల్లో ఇరుక్కుంది. రేకు అక్కడ ఉండగా యంత్రం నడపకూడదు.

"మేఘంలోకి పోతున్నానే" అన్నాడు స్పానరు బాబాయ్.

"త్వరగా రా బాబాయ్, జనం తోసుకుంటున్నారు."

"బుడగని పట్టుకోవడమంటే నీకేం తెలుసు, అది మా ఆవిడ లాంటిది, దగ్గరికి పోతే జరుగుద్ది" అని వల తలుపు తీసుకుని వెళ్ళాడు. ఆయన అన్న ఆఖరి మాట అది.

అప్పుడే కొత్త హాలు కట్టించిన దాత తన మనుషులతో, ఫోటోలవాళ్ళతో లోపలికి వచ్చాడు. పక్కన క్యూరేటరు. వెనక ప్రదర్శనశాల సెక్యూరిటీవాళ్ళు ఇద్దరు. ఒకడు బొద్దుమీసాలవాడు, పిడుగక్కను రోజూ గేటు దగ్గర పలకరించేవాడు. రెండోవాడు పొడుగ్గా ఉంటాడు. ఆమె వాణ్ణి తమ్ముడూ అనేది. వచ్చీరాగానే లైట్లు ఆర్పించారు. క్యూరేటరు మీట దగ్గరికి వచ్చి ఆమె చెవిలో అన్నాడు.

"కానివ్వండి అక్కా."

"మేఘం ఖాళీ కాలేదు."

"దాతగారికి టైము లేదు."

"ఆయనకి టైము లేదు. బాబాయ్‌కి ఇంకో ప్రాణం లేదు. ఆగమను."

దాతకు వినబడింది. "ఏమ్మా, మెరుపుని కూడా బతిమాలుకోవాలా?" అన్నాడు. ఆయన మనుషులు నవ్వారు. జనం కూడా నవ్వారు. ఫోటోలవాళ్ళు దీపాలు సిద్ధం చేసుకున్నారు. పదిమంది ముందు తన మాట చెల్లలేదన్న ఉక్రోషం క్యూరేటరు మొహంలోకి ఎక్కింది. "తాళంచెవి ఇవ్వండి" అన్నాడు. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించింది. అతడు సెక్యూరిటీవాళ్ళకు సైగ చేశాడు.

ఏం జరిగిందో ఇక్కడ వరసగా చెప్పాలి. ఎందుకంటే తరువాత ఎవరూ చెప్పలేదు.

బొద్దుమీసాలవాడు ఆమె జుట్టు పట్టుకుని మొహాన్ని వలకేసి కొట్టాడు. ఇనుప కళ్ళు ఆమె చెంప మీద అచ్చు పడ్డాయి. ముందుపన్ను ఒకటి ఊడి నేల మీద పడింది. పొడుగువాడు కుడిచేతిని వీపు మీదికి మెలితిప్పాడు. గుప్పిట విడలేదు. "తమ్ముడూ, బాబాయ్ లోపలున్నాడురా" అంది. వాడికి తెలుసు. వాడు వల తలుపు పక్కనే నిలబడి వచ్చాడు, ఆ తలుపు గడియ తీసి ఉండడం చూశాడు. తెలిసీ ఇంకాస్త తిప్పాడు. బొద్దుమీసాలవాడు మోకాలు ఆమె నడుముకు ఆనించి, రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకుని పైకి లాగాడు. మోచెయ్యి ఎండుకట్టెలా చప్పుడు చేసింది. ముందు బల్లలవాళ్ళకు ఆ చప్పుడు వినబడింది.

ఆమె నెత్తురు నోటితో అరిచింది. ఆ అరుపుకు ఆమె దగ్గర ఉన్న మాట ఒక్కటే, ఆ గదిలో పనికొచ్చే మాట ఒక్కటే.

"మేఘం ఖాళీ కాలేదు."

చీకట్లో జనం ఆనందంగా బదులిచ్చారు. "ఖాళీ చెయ్యి. ఖాళీ చెయ్యి."

బల్లలు చరిచారు. ఆమె మళ్ళీ అరిచింది. వాళ్ళు ఇంకా గట్టిగా చరిచారు. ఆ గదిలో రోజూ ఆడే ఆట అది. పెనుగులాట కూడా ఈసారి కొత్తగా కలిపారనుకున్నారు. అంతమందిలో ఒక్క అత్తగారు మాత్రం లేచింది. కోడలి గొంతు ఇంట్లో ఎన్ని రకాలుగా లేస్తుందో ఆవిడకు తెలుసు, ఇది వాటిలో లేదు. "ఆట కాదర్రా, ఆట కాదు, దాన్ని చంపుతున్నారు" అంటూ చేతికర్రతో పొడుగువాడి వీపు మీద బాదింది. దాత మనిషి ఒకడు ఆవిణ్ణి రెండు చేతులతో వెనక్కి నెట్టాడు. మెట్టు అంచుకు నడుం తగిలి పడిపోయింది.

క్యూరేటరు పిడుగక్క మెడలోని తాడును మెలిపెట్టి లాగాడు. తాడు చర్మాన్ని కోసుకుంటూ తెగింది. విరిగిన చేతి వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి తాళంచెవి తీసుకున్నాడు. మీట పెట్టెలో పెట్టి తిప్పి, మీట ఎత్తాడు. స్తంభం మింగడం మొదలుపెట్టింది. అది నిండడానికి పట్టే సేపంతా ఆమె నేల మీదినుంచి అదే మాట అంటూనే ఉంది. అంతసేపూ అతడి చెయ్యి మీట మీదే ఉంది. దాన్ని దించేయడానికి ఏ ఆటంకమూ లేదు.

దెబ్బ పడింది. మెరుపు కడ్డీ వైపు పోలేదు. రేకుబుడగ ఉన్న వైపు తిరిగి, దాన్ని పట్టుకుని ఉన్న చేతిలోకి దిగింది. జనం చప్పట్లు కొట్టారు. కాలిన వాసన మొదటి వరసకు, ఆపైన రెండో వరసకు చేరింది. చప్పట్లు వరసల వెంటే ఆగిపోయాయి. స్తంభం వెనకనుంచి ఒక చెప్పు, పొగలు కక్కుతూ, దొర్లుకుంటూ వల దాకా వచ్చింది. ఎవరో లైట్లు వేశారు.

అప్పుడు జనం తలుపు మీద పడ్డారు. దాతకు దారి చేయడానికి ఆయన మనుషులు అడ్డొచ్చినవాళ్ళను పిడిగుద్దులు గుద్దారు. చంకలో బిడ్డ ఉన్న ఒకామెను భుజం పట్టి పక్కకు విసిరేశారు. ఒక ముసలాయన కాళ్ళ కింద పడి నలిగాడు. వాకిట్లో బుడగలు పంచుతున్నవాళ్ళు ఏమీ తెలియక బయటికొచ్చే ప్రతి ఒక్కరి చేతికీ ఒక బుడగ అందించబోయారు.

పిడుగక్క ఎడమచేత్తో నేలను పట్టుకుని లేచింది. మీటను కిందికి దించి, తాళంచెవి తీసి, పళ్ళ మధ్య పెట్టుకుంది. వల తలుపు దగ్గర ఒక క్షణం ఆగింది. తాళంచెవి అడ్డుపడుతున్న నోటితో, నెత్తురుతో, అలవాటు తప్పకుండా, ఎవరికి చెప్పాలో తెలియకపోయినా చెప్పింది.

"మేఘంలోకి."

లోపల ఆమె చూసినదాన్ని ఇక్కడ రాయను. స్పానరు మాత్రం చొక్కా జేబుకు కరిగి అతుక్కుపోయిందని శవపరీక్ష చేసిన డాక్టరు చెప్పాడు.

పోలీసులు ప్రమాదవశాత్తు మరణమని కేసు కట్టారు. పిడుగక్క చేతి కట్టు ఇంకా పచ్చిగా ఉండగానే క్యూరేటరు ఆసుపత్రికి పళ్ళు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన అత్తగారు నడుముకు పట్టీ వేసుకుని కూచుని ఉంది. పళ్ళు చూసి, "అవి మీ దాతగారికి పెట్టండి బాబూ, పాపం హడావిడిలో తినకుండా పోయాడు" అంది. అతడు విననట్టు నటించాడు.

"చెయ్యి బాగయ్యే పూచీ మాది అక్కా. ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఒక్క మాట అడగడానికి వచ్చాను. అందరం ఆటే అనుకున్నామని చెబుదాం. అది మీరు రోజూ అనే మాటే కదా."

"రోజూ పన్నూడగొట్టుకుని అంటానా?"

"చీకట్లో జనానికి ఏం తెలుస్తుంది?"

"జనం సంగతి నేనడగలా. నీకు తెలుసా, తెలీదా?"

అతడు దుప్పటి అంచు కేసి చూశాడు. "పోయినాయన ఎలాగూ తిరిగి రాడు కదక్కా."

"రాడు. వస్తేనే కదరా ఖాళీ అని చెప్పేది."

ఆ మాటతో పాటే కొట్టింది. కట్టు కట్టిన చేత్తోనే కొట్టింది. అతడి పెదవి చీలింది, కళ్ళజోడు పగిలింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డవాణ్ణి మంచం దిగి మళ్ళీ కొట్టింది. నర్సులు ఇద్దరు వచ్చి పట్టుకుంటే గానీ ఆగలేదు. అప్పుడే సరిచేసి కట్టిన ఎముక ఆ దెబ్బలకు మళ్ళీ తొలగింది. ఆ చెయ్యి ఇక పూర్తిగా వంగదని తరువాత డాక్టర్లు తేల్చారు. ఆమె కొట్టిన సంగతిని ఇక్కడ దాచడం లేదు, మెత్తబరచడమూ లేదు. ఆమె కూడా దాచలేదు. స్టేట్‌మెంటు తీసుకోవడానికి వచ్చిన పోలీసుతో "కొట్టాను. రెండుసార్లు. రెండోది సరిగ్గా తగల్లేదు" అంది.

ఇంటికొచ్చాక క్యాంటీనులో పనిచేసే ఆమె ఒకరు రెండు నెలల 'మనవాళ్ళ కబుర్లు' తెచ్చి ఇచ్చారు. అత్తగారు వెనక కూచుని పిడుగక్కకు జడ వేస్తోంది. చెయ్యి పైకి లేవదు గనక ఇప్పుడు ఆ పని ఆవిడదే. పిడుగక్క అలవాటు కొద్దీ రేడియో గొంతుతో మొదలుపెట్టింది.

"కుటుంబ విజ్ఞాన దినం అపూర్వ విజయం సాధించింది. పరిసర పేటల ప్రజలు పెద్ద సంఖ్యలో తరలివచ్చారు. మెరుపుల గదిలో చిన్న ప్రమాదం జరిగింది. తోపులాటలో ఒక ఉద్యోగిని చెయ్యి విరిగింది. సీనియర్ మెకానిక్కు మరణించడం విచారకరం. క్యారమ్స్ పోటీ విజేతలకు అభినందనలు."

రేడియో గొంతు ఎక్కడ ఆగిపోయిందో ఆమెకే తెలియలేదు. అత్తగారి చేతిలో జడ పాయలు నిలిచిపోయాయి.

"విరిగిందా? దానంతటదే విరిగిందా?" అంది ఆవిడ. "గ్లాసు పగలగొట్టిన పిల్లలు చెబుతారే ఇట్లా. నేను కాదు నానమ్మా, అదే పగిలింది అని. వీళ్ళకి ఎన్నేళ్ళే?"

రెండో నెల పత్రికలో ఇంకో వార్త ఉంది. "మెరుపుల గది ఉద్యోగిని ఆసుపత్రిలో క్యూరేటరు గారిపై చెయ్యి చేసుకున్నారు. యాజమాన్యం ఆమెను విధుల నుంచి తొలగించింది."

"ఇందులో మాత్రం ఎవరు చేశారో రాశారే" అంది పిడుగక్క.

ఆమె అన్నది అక్షరాలా నిజం. చెయ్యి విరగడానికి ఆ పత్రికకు ఎవరూ అక్కర్లేకపోయారు. మనిషి చావడానికీ ఎవరూ అక్కర్లేకపోయారు. ఆ విరిగిన చెయ్యి తిరిగి ఒకడి మీద పడగానే కర్త, కర్మ, క్రియ అన్నీ ఎక్కడివక్కడ వచ్చి కూచున్నాయి. తెలుగు రాయడం చేతకాక జరిగిన పొరపాటు ఇది కాదు. విరగడానికీ విరవడానికీ, చావడానికీ చంపడానికీ ఉన్న తేడా పలకా బలపం పట్టిన పిల్లకు తెలుసు. నేరం మొత్తం ఆ తేడాలోనే ఉంటుంది. నేరస్థుణ్ణి దాచడానికి అంతకన్నా చౌకైన చోటు ఇంకొకటి లేదు.

ఇక ఆట అనుకున్నామన్న వాదన. జనం అలా అనుకున్నారు, అనుకునే హక్కు వాళ్ళకు ఉంది. వాళ్ళకు ఆ మాటను ఆటగానే నేర్పారు. ఆ వాదన క్యూరేటరు చేయలేడు. ఆ మాటను పనిగా నేర్చుకున్నవాడు, ఆటగా మార్చినవాడు ఒక్కడే. ఆట అయితే ఆమె గుప్పిట ఎందుకు విప్పాల్సి వచ్చింది? ఆటలో తాళంచెవి ఆమే తీసి పెడుతుంది. చెయ్యి విరిచి తీసుకున్న క్షణంలోనే అది ఆట కాదని అతడికి తెలిసిందనడానికి ఆ విరిగిన ఎముకే సాక్ష్యం.

మెరుపుల గది ఇప్పుడు మూసి ఉంది. మరమ్మతు అయ్యాక కొత్త మనిషితో తెరుస్తారట. పిడుగక్క ఇంట్లో కూచుని ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంటోంది. చెంప మీద వల అచ్చు ఇంకా పోలేదు. కిటికీలోంచి ఉరుము వినబడితే ఆమె కుడిచెయ్యి వంగనని మొండికేస్తూనే మెడ దగ్గరికి పోతుంది. అక్కడ తాళంచెవి లేదు, తాడు కోసిన గీత ఉంది.

ప్రదర్శనశాల ట్రస్టీలారా, క్యూరేటరు గారూ, ప్రమాదమని రాసుకుని ఇళ్ళకు పోయిన పోలీసు అధికారులారా, ఇది మీకు.

వచ్చే నెల పత్రికలో, క్యారమ్స్ విజేతల కన్నా పైన, ఆమె చెయ్యి ఎవరు విరిచారో, ఎవరు సైగ చేస్తే విరిచారో, తాళంచెవి ఎవరు తిప్పారో, స్పానరు బాబాయ్‌ని ఎవరు చంపారో కర్తలు పెట్టి అచ్చు వేయండి. ఆ ముగ్గురినీ హత్యానేరం కింద కోర్టు ముందు నిలబెట్టండి. ఆమె కొట్టిన దెబ్బలకు ఆమె జవాబు ఆమె చెబుతుంది, ఇదివరకే చెప్పింది. ఆమె ఉద్యోగం ఆమెకు తిరిగి ఇవ్వండి.

అంతవరకూ ఆ గది తలుపు తెరవడానికి వీల్లేదు. మీ నియమం ప్రకారమే వీల్లేదు. లోపలికి వెళ్ళిన మనిషి బయటికి వచ్చి చెప్పలేదు. మేఘం ఖాళీ అని మీతో ఎవరు చెప్పారు? ఆ నోరు ఎవరిదో చూపించండి.